కళ్లజోళ్ల షాపులో జీతం, లైసెన్స్: 1958 నుంచి నడుస్తున్న కథ

"కంటి పరీక్ష ఉచితం" అనే బోర్డు లేని కళ్లజోళ్ల షాపు మన ఊళ్లలో వెతికినా దొరకదు. లోపల ఆ పరీక్ష చేసే మనిషికి జీతం ఎందుకంత తక్కువ అంటే సగం జవాబు ఆ బోర్డులోనే ఉంది. నేను ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే చదువులో డిప్లొమా అయ్యాక 2009లో ఒక షాపులో చేరితే నెలకి 4,500 ఇచ్చారు, దానిపైన ఫ్రేముకి ఇంత, కోటింగ్‌కి ఇంత అని ఇన్సెంటివ్. చెక్ చేసినందుకు రూపాయి రాదు కాబట్టి చెక్ చేసేవాడి జీతం అద్దాల లాభంలోంచే రావాలి, "మీకు పవర్ మారలేదండీ, పాత అద్దాలే వాడుకోండి" అని నిజం చెప్పిన ప్రతిసారీ ఆ నెల ఇన్సెంటివ్ తగ్గేది.

అసలు ఈ చదువు మన దేశంలో మొదలైన రెండు చోట్లలో ఒకటి మన హైదరాబాదే. రెండో పంచవర్ష ప్రణాళిక కింద 1958లో దేశంలో రెండు ఆప్టోమెట్రీ స్కూళ్లు పెట్టారు, ఒకటి అలీగఢ్ గాంధీ కంటి ఆసుపత్రిలో, ఇంకోటి మన సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో, రెండేళ్ల డిప్లొమా. సరిగ్గా అదే ఏడాది బ్రిటన్ వాళ్లు ఆప్టీషియన్స్ యాక్ట్ చేసి, జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ పెట్టి, కళ్లు పరీక్షించేవాళ్లకీ అద్దాలు అమర్చేవాళ్లకీ రిజిస్టర్, అంటే ఆ పని చేసే అర్హత ఉన్నవాళ్ల జాబితా తెరిచారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమైతే 1901లోనే ఆప్టోమెట్రీకి చట్టం చేసింది. మనం స్కూలైతే పెట్టాం గానీ దేశమంతటికీ ఒక చట్టం రావడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది, అంటే 63 ఏళ్లు. నాకు ఈ లెక్క ఎప్పుడు గుర్తొచ్చినా కడుపు మండుతుంది.

ఈ మధ్యలో పని ఆగలేదు, పైగా పెరిగింది. 1976లో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం మొదలై ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ల (కంటి వైద్య సహాయకుల) పోస్టులు వచ్చాయి, 1985లో చెన్నైలో నాలుగేళ్ల డిగ్రీ మొదలైంది, 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వచ్చి తర్వాత పల్లెల్లో విజన్ సెంటర్లకి, అంటే చిన్న కంటి పరీక్ష కేంద్రాలకి విజన్ టెక్నీషియన్లని తయారుచేసింది. డిగ్రీ చేసినోళ్లు, డిప్లొమా చేసినోళ్లు, టెక్నీషియన్లు, వీళ్లు కాక షాపులోనే చిన్నప్పట్నుంచి పని నేర్చుకున్నోళ్లు, జనానికి మాత్రం అందరూ ఒకటే, అయితే "డాక్టర్‌గారు" లేకపోతే "అద్దాల షాపాయన". దేశం మొత్తానికి ఒక రిజిస్టర్ లేనప్పుడు ఓనర్ ఎవర్నైనా ఆ కుర్చీలో కూర్చోబెట్టొచ్చు, అలాంటప్పుడు నాలుగేళ్లు చదివొచ్చినవాడు జీతం ఎక్కువ అడిగితే "నీ పని చేయడానికి ఇంకొకడు ఉన్నాడులే" అంటారు. లైసెన్స్ గొడవా జీతం గొడవా వేరువేరు కాదని నేననేది ఇందుకే.

అవసరం వచ్చినప్పుడు మాత్రం మేం గుర్తొస్తాం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు మొదలైనప్పుడు, మళ్లీ 2023 జనవరిలో రెండో విడత పెట్టినప్పుడు టీముల కోసం ఆప్టోమెట్రిస్టుల్ని వెతికి మరీ తీసుకున్నారు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా కంటి వెలుగు నడిచింది. స్కీమ్ ఉన్నన్నాళ్లే ఆ కాంట్రాక్టు ఉద్యోగం, క్యాంపు ఎత్తేశాక మళ్లీ షాపు కౌంటరే.

2021 మార్చిలో పార్లమెంటు నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పాస్ చేసింది, ఆప్టోమెట్రిస్టు, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్, విజన్ టెక్నీషియన్ పేర్లు అందులో ఉన్నాయి, కేంద్రంలో కమిషన్, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్ అన్నీ రాశారు. రాయడం వరకే. మూడేళ్ల తర్వాత కూడా చాలా రాష్ట్రాల్లో కదలిక లేక 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని అక్టోబర్ 12 లోపు చట్టాన్ని అమలు చేయమని గడువు పెట్టాల్సొచ్చింది.

కాయితం మీద రిజిస్టర్ ఉంటే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకి ఒక పిల్లాడి సంగతి చెప్తా. పదేళ్లుంటాయి, కొత్త అద్దాలు పెట్టినప్పట్నుంచి తలనొప్పి అని వాళ్లమ్మ తీసుకొచ్చింది. అద్దాలు వేరే ఊళ్లో చేయించారు, పవర్ చూస్తే కరెక్టే. ముక్కు మీద స్కేలు పెట్టి "నా ఎడమ కంట్లోకి చూడు నాన్నా, ఇప్పుడు కుడి కంట్లోకి" అని పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలిస్తే 56 మిల్లీమీటర్లు, అద్దాల సెంటర్లు మాత్రం పెద్దోళ్లకి పెట్టినట్టు 64 దగ్గర ఉన్నాయి. మైనస్ ఆరు పవర్, అంత తేడాని ఆ చిన్న కళ్లు రోజంతా లాక్కుంటూ ఉన్నాయి పాపం. బ్రిటన్‌లో పదహారేళ్లలోపు పిల్లలకి అద్దాలు ఇవ్వాలంటే రిజిస్టరైన మనిషి ఇవ్వాలి, లేదా అలాంటివాళ్లు దగ్గరుండి చూడాలి. ఇక్కడ ఆ అద్దాలు ఎవరు ఫిట్ చేశారో ఆ తల్లికి తెలీదు, బిల్లు మీద షాపు పేరు తప్ప ఏమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా షాపు వెనక గదిలో ఒకాయన ఇరవై ఏళ్లుగా గ్లాస్ కటింగ్ చేస్తున్నాడు, చక్రం మీద అంచు అరగదీసేటప్పుడు చప్పుడు విని ఎంత మిగిలిందో చెప్పేస్తాడు. ఆ పిల్లాడి అద్దాలు 56కి మళ్లీ కట్ చేసిచ్చింది ఆయనే. చట్టంలో ఉన్న ఆ మూడు పేర్లలో ఆయన ఏదీ కాదు.