ప్రైమరీ ఎన్నికలకు బేస్‌బాల్ పోలికలు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఎన్నికల గురించి తెలుగువాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలైన ప్రైమరీల సీజన్ మొదలైతే చాలు, అక్కడి చానళ్ల నిండా బేస్‌బాల్ మాటలే. వాటిని మనవాళ్లు క్రికెట్‌లోకి మార్చుకుని వింటారు. లెక్కల దగ్గర ఆ పోలికలు బాగానే పనికొస్తాయి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి బెడిసికొడతాయి.

అపోహ: ఎంత తేడాతో గెలిచామన్నది అనవసరం, గెలిస్తే చాలు.

దీనికి అందరూ చూపించేది 1960 వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోరు. ఏడు మ్యాచ్‌ల్లో కలిపి న్యూయార్క్ యాంకీస్ 55 పరుగులు చేస్తే పిట్స్‌బర్గ్ పైరేట్స్ చేసింది 27. యాంకీస్ 16-3, 10-0, 12-0 తేడాలతో చితక్కొట్టింది, కానీ మూడే గెలిచింది. మిగతా నాలుగూ స్వల్ప తేడాలతో గెలిచిన పైరేట్స్ టైటిల్ ఎగరేసుకుపోయింది. ఎక్కువ రాష్ట్రాల్లో తక్కువ తేడాతో గెలిచినా చెల్లే నవంబరు అధ్యక్ష ఎన్నికకైతే ఈ కథ అతికినట్టు సరిపోతుంది.

డెమోక్రాట్ల ప్రైమరీకి మాత్రం తలకిందులవుతుంది. అక్కడ 15 శాతం దాటినవాళ్లందరికీ ఓట్ల దామాషాలో డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, వస్తారు. అంటే లెక్కపెట్టేది మ్యాచ్‌లను కాదు, పరుగులను. 2008 ఫిబ్రవరి 5నే తీసుకోండి. మనవాళ్లు బోలెడంతమంది ఉండే న్యూజెర్సీలో హిల్లరీ క్లింటన్ ఒబామా మీద లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. దానితో ఆమెకు దక్కిన ఆధిక్యం 11 మంది డెలిగేట్లు. అదే రోజు ఐడహో కాకస్‌లో (ఓటర్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశాల్లో) పాల్గొన్నదే ఇరవై వేల చిల్లర మంది. అక్కడ ఒబామా 15-3తో ఊడ్చేసి 12 మంది ఆధిక్యం తెచ్చుకున్నారు. న్యూజెర్సీ హెడ్‌లైన్లలోకి ఎక్కింది, ఐడహో లెక్కలోకి ఎక్కింది.

ఇంకా లోతుకు వెళ్తే మరీ విచిత్రం. డెలిగేట్లను రాష్ట్రంలో జిల్లాలవారీగా కూడా పంచుతారు. నలుగురు డెలిగేట్లున్న జిల్లాలో ఇద్దరే పోటీపడితే, ఒకరికి 60 శాతం వచ్చినా ఇద్దరికీ చెరి ఇద్దరే. 62.5 శాతం దాటితే గానీ మూడో డెలిగేట్ దక్కడు. ముగ్గురే ఉన్న జిల్లాలోనైతే కాస్త మొగ్గు ఉన్నా 2-1. ప్రచారానికి డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఈ సరి-బేసి లెక్కే.

రిపబ్లికన్ల పద్ధతి చాలాచోట్ల వేరు. 2016 సౌత్ కరోలినాలో ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం ఓట్లు, డెలిగేట్లు మొత్తం 50కి 50. అక్కడ పైరేట్స్ కథ నిక్షేపంగా చెప్పుకోవచ్చు.

అపోహ: వరసగా మూడు ఓడితే ఔటే.

బేస్‌బాల్‌లో బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టదగ్గదైనా వదిలేసిన బంతి స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే ఔట్ కదా, అందుకని పుట్టిన మాట. బైడెన్ 2020లో అన్నిటికంటే ముందు ఓటింగ్ జరిగిన అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం, నెవాడాలో దూరంగా రెండో స్థానం. అయినా నామినేషన్ ఆయనదే. స్ట్రైకుల పోలిక వాడాలంటే ఫౌల్ బంతిని (కొట్టాక గీత బయటకు పోయిన బంతిని) కూడా కలపాలి. రెండు స్ట్రైకులు పడ్డాక బంతి ఫౌల్ పోతే బ్యాటర్ ఔట్ కాడు, క్రీజులోనే ఉంటాడు. 1992 న్యూహాంప్‌షైర్‌లో బిల్ క్లింటన్ రెండో స్థానం అలాంటిదే, ఓడినా పోటీలోనే నిలిచారు.

బ్యాటు తిప్పకుండా నిలబడ్డవాడి సంగతి వేరు. 2007లో చాలాకాలం రిపబ్లికన్ల జాతీయ సర్వేల్లో ముందున్న న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జులియాని, తొలి రాష్ట్రాలను దాదాపు వదిలేసి ఫ్లోరిడా మీద ఆశ పెట్టుకున్నారు. 2008 జనవరి 29న అక్కడ మూడో స్థానం. మర్నాడే తప్పుకుని ప్రత్యర్థి మెకెయిన్‌కు మద్దతిచ్చారు. నచ్చిన బంతి వచ్చేలోపే స్ట్రైకులు పడిపోయాయి. ఆయన యాంకీస్ వీరాభిమాని కూడా, ఇంకేం చెప్పను!

అపోహ: అయోవా తొలి ఇన్నింగ్స్, ఇంకా ఎనిమిది ఉన్నాయి.

బేస్‌బాల్‌లో తొలి ఇన్నింగ్స్‌లో వెనకబడ్డా మీ 27 ఔట్లు (తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో మూడు) మీకుంటాయి. ప్రైమరీలో ఆ హామీ లేదు. విరాళాలు ఎండిపోతే ఆట అక్కడితో సరి. పైగా అవతలి ఆటగాళ్లు మధ్యలో వెళ్లిపోతారు, ఊరికే కూడా పోరు. సౌత్ కరోలినాలో బైడెన్ గెలిచింది 2020 ఫిబ్రవరి 29న. ఆయన ప్రత్యర్థుల్లో మార్చి 1న బూటిజెజ్, 2న క్లోబుచార్ తప్పుకున్నారు. ఇద్దరూ డల్లాస్‌లో ఆయనకు మద్దతు ప్రకటించారు. 3న సూపర్ ట్యూస్‌డే, అంటే ఒకేరోజు చాలా రాష్ట్రాల్లో ఓటింగ్ జరిగే రోజు. 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. సగం మ్యాచ్‌లో రెండు జట్లు మైదానం వదిలి మూడో జట్టుకు ఆడిపెట్టడం ఏ బేస్‌బాల్‌లో ఉంది?

అపోహ: మ్యాజిక్ నంబర్ దాటితే ఇక తిరుగులేదు.

నాకు బాగా నచ్చే పోలిక ఇదే, లెక్క దాదాపు ఒకటే కాబట్టి. బేస్‌బాల్‌లో డివిజన్ (లీగ్‌లోని గ్రూపు) గెలవడానికి మన గెలుపులు, ప్రత్యర్థి ఓటములు కలిపి ఇంకెన్ని కావాలో చెప్పేది మ్యాజిక్ నంబర్, ఇక్కడేమో డెలిగేట్లలో సగానికి మించి. బేస్‌బాల్ జట్టుకు ఆ అంకె ఒకసారి సున్నాకు చేరితే ఆ స్థానం ఖాయం. 2024లో డెమోక్రాట్లకు కావలసింది 1,968. బైడెన్ దాన్ని మార్చి 12కల్లా అందుకున్నారు. జులై 21న పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన కోసం ఎన్నికైన డెలిగేట్లే ఆగస్టు మొదట్లో ఆన్‌లైన్ ఓటింగ్‌లో కమలా హ్యారిస్‌ను అభ్యర్థిని చేశారు. డెలిగేట్ అంటే స్కోర్‌బోర్డు మీద అంకె కాదు, ఓటు వేసే మనిషి.