ఆకు మాడితే చిల్ల చెట్టు చచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"సార్, గడ్డిమందు కొట్టిన మూడు రోజులకే చిల్ల చెట్లన్నీ మాడిపోయాయి. వాన పడంగానే మళ్ళీ లేచాయి. మందు డూప్లికేటా?" ఈ నెలలో ఇది నాలుగో ఫోను. మందు డూప్లికేటు కాదండీ. మీరు మాడ్చింది ఆకుని, చెట్టుని కాదు.

సర్కారు తుమ్మ అనండి, చిల్ల చెట్టు అనండి, దాని ప్రాణమంతా కాండం మొదలు దగ్గర, మట్టికి కాస్త కిందనున్న మొగ్గల్లో ఉంటుంది. పైది మాడినా, నరికినా అవి మేలుకుంటాయి. ఒక్క కాండం ఉన్నచోట ఆరేడు లేస్తాయి. పారాక్వాట్ అనే గడ్డిమందు తగిలిన ఆకునే కాలుస్తుంది, వేరు దాకా పోదు. అది నోట్లోకి పోతే విరుగుడు కూడా లేదు, జాగ్రత్త. గ్లైఫోసేట్ అనే ఇంకో గడ్డిమందు లోపలికి దిగుతుంది గానీ బురద నీళ్ళలో కలిపితే మట్టికి అతుక్కుని పనికిరాకుండా పోతుంది. మే ఎండల్లో వడిలిన చెట్టు మీద కొడితే డబ్బు దండగ. పైగా బీడంతా చల్లితే, మీరు దేనికోసం కంప తీస్తున్నారో ఆ పచ్చికే ముందు పోతుంది.

నేలకు ఆనించి నరకండి. మట్టి తుడవండి. బెరడు లోపలి పచ్చి వలయం చుట్టూ బ్రష్‌తో మందు పూయండి. నరికిన నిమిషాల్లోనే పూయాలి. వినుకొండ వైపు ఒక బీడులో నేనే బోల్తా పడ్డాను. పొద్దున నలభై మొద్దులు నరికించి, టీ, భోజనం, ఎండ అంటూ సాయంత్రానికి పూశాం. అప్పటికే కోసినచోట బంక కట్టి ఆరిపోయింది. తర్వాతి వానలకు సగానికి పైగా చిగురు పెట్టాయి. ఇప్పటికీ నేను కనపడితే అక్కడి పెద్దాయన "టీ తాగొచ్చి పూస్తావా బాబూ" అంటాడు.

మెస్కిట్ (చిల్ల చెట్టు జాతిదే) మీద తీసిన అమెరికా వీడియోలు చూసి, మందు కొట్టాలంటే నేల వేడి 24 డిగ్రీలు ఉండాలట కదా అని అడుగుతున్నారు. గుంటూరులో ఆ బెంగ మనకెందుకండీ!

2,4-డి అనే గడ్డిమందు కొట్టిన ట్యాంకుతో పత్తికి పురుగుమందు కొట్టకండి. ఆకు బెండాకులా చీలిపోతే వైరస్ అని ఇంకో మందు కొనిపిస్తారు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (లైసెన్సుతో మందు కొట్టేవాళ్ళ) ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అందుకని దాన్ని వాడేందుకు అలాంటివాళ్ళనే పిలవండి.

"గొర్రెలు చస్తాయా బాబూ" అని ఆ పెద్దాయనే భయంగా అడిగాడు. మంద మీద బతికేవాళ్ళకి ఆ టెన్షన్ ఉండదా మరి? మొద్దుకు పూస్తే మేత మీద మందు పడదు. చల్లిన చోటికి మాత్రం డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా మందను తోలకండి. వడిలిన ఆకయితే మామూలుగా ముట్టనిదాన్ని కూడా మేకలు రుచి చూస్తాయి.

మీ గొర్రెల మందే చిల్ల కాయలు తిని, పెంటలో విత్తనాలు దొడ్డి చుట్టూ చల్లుతుంది. అక్కడ మొలిచే పిల్ల మొక్కలకి మందు అక్కర్లేదు. వాన పడ్డ మర్నాడు చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి.