మందు పడటం, పడకపోవడం: లివర్ సంగతి సరే, మెదడు సంగతో?

మా ఓపీలో రోజుకు పదిసార్లైనా వినే మాట: "ఈ మందు మావాడికి పడలేదండీ." కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. పవర్ ఎక్కువైందనో, వేడి చేసిందనో, కంపెనీ మారిందనో. నేను సైకియాట్రిస్టుని. ఒకే మాత్ర ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడంలో, ఒంట్లో మందుని అరిగించే ఎంజైములది పెద్ద వాటా. వాటి విషయంలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: "బీడీకీ మాత్రకీ సంబంధం ఏముంది?"

చాలా ఉంది. స్కిజోఫ్రెనియాకి ఇచ్చే క్లోజపిన్ అనే మందు మీద ఏళ్లుగా కుదురుగా ఉన్న ఒకాయన్ని (వివరాలు మార్చాను) భార్య తీసుకొచ్చారు. "పొద్దెక్కినా లేవట్లేదు డాక్టర్ గారూ, దిండంతా చొంగే." మాత్ర అదే, మోతాదు అదే, వేసుకునే వేళ అదే. కదిపి కదిపి అడిగితే చివరికి తేలింది. దగ్గు ఎక్కువైందని పది రోజుల క్రితం బీడీ మానేశారు. బదులుగా ఖైనీ పెడుతున్నారు.

క్లోజపిన్‌ని ప్రధానంగా అరిగించేది లివర్‌లోని సీవైపీ1ఏ2 అనే ఎంజైము. పొగలోని తారు పదార్థాలు ఈ ఎంజైముని మామూలు కంటే ఎక్కువ తయారయ్యేలా చేస్తాయి. అందుకే పొగ తాగేవారికి ఈ మందు ఎక్కువ మోతాదులో కావాల్సి వస్తుంది. పొగ ఆగాక వారం తిరిగేసరికి ఎంజైము తగ్గిపోతుంది. అదే మాత్ర ఇప్పుడు రక్తంలో పేరుకుంటుంది, మత్తు, చొంగ మొదలవుతాయి. ఇందులో నికోటిన్ పాత్ర లేదు. కాబట్టి ఖైనీ గానీ, నికోటిన్ గమ్ గానీ బీడీ చేసిన ఈ పని చేయవు. ఆయనకి మోతాదు తగ్గించాం. బీడీ మానమనే మేమూ చెప్తాం, మానే ముందు మాకొక మాట చెప్పమంటాం, అంతే.

అపోహ: "మందు అరిగేది లివర్‌లోనే, మెదడుకి ఆ పని లేదు"

మెడికల్ కాలేజీలో మేమూ దాదాపు ఇలాగే చదువుకున్నాం. అయితే 1989లోనే బెంగళూరు నిమ్హాన్స్‌లో విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం మనిషి మెదడులో సైటోక్రోమ్ పీ450 (పైన చెప్పిన సీవైపీ ఇదే) కుటుంబపు ఎంజైములు ఉన్నాయని చూపించింది. మొత్తంగా కొలిస్తే లివర్‌లో ఉన్నదాంట్లో నూటికి ఒకటో రెండో వంతు. అంత తక్కువ కదా అని పట్టించుకోనివాళ్లు చాలామంది. కానీ అవి మెదడంతా పలచగా పరుచుకుని ఉండవు, కొన్ని రకాల నాడీకణాల్లో చిక్కగా ఉంటాయి. ఊళ్లో మిల్లు ఎంత పెద్దదైనా, వంటింట్లో రోలు ఉంటే పచ్చడి అక్కడికక్కడే అయిపోతుంది కదా.

కోడీన్‌నే తీసుకోండి. దగ్గు సిరప్పుల్లో, కొన్ని నొప్పి మాత్రల్లో ఉంటుంది. నొప్పి తగ్గించే బలం దానికి సొంతంగా తక్కువ. సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయనివారికి కోడీన్‌తో నొప్పి పెద్దగా తగ్గదు. ఈ ఎంజైము అతిగా పనిచేసి, మార్ఫిన్ ఎక్కువైపోయి కొందరు పిల్లల ప్రాణాలు పోయాయి. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత పిల్లలకి ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో గట్టిగా హెచ్చరించింది అందుకే.

ఇంతవరకూ లివర్ కథ. టొరంటో యూనివర్సిటీలో రేచల్ టిండేల్ బృందం ఈ ఎంజైముని అడ్డుకునే మందుని నేరుగా ఎలుకల మెదడులోకి ఎక్కించి, తర్వాత కోడీన్ ఇచ్చి చూసింది. రక్తంలో మార్ఫిన్ తగ్గలేదు. నొప్పి మీద కోడీన్ ప్రభావం మాత్రం తగ్గింది. రోజూ నికోటిన్ ఇచ్చిన ఎలుకల్లో దీనికి తిరగబడి జరిగింది: లివర్‌లో ఈ ఎంజైము పెరగలేదు, మెదడులో పెరిగింది, కోడీన్ ఇంకా బాగా పనిచేసింది. పొగ తాగి చనిపోయినవారి మెదడుల్లోనూ ఈ ఎంజైము ఎక్కువగానే కనిపించింది.

ఇప్పుడు మళ్లీ మన ఖైనీ ఆయన దగ్గరికి రండి. తారు పోయింది కాబట్టి లివర్ మామూలుకొచ్చింది. నికోటిన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అది మెదడులో చేసే మార్పులు ఏ రక్త పరీక్షలోనూ కనిపించవు. అలాగని ఖైనీ వేసేవారికి ఇంత డోసు అని చెప్పే లెక్క మనుషులకి ఇంకా తయారుకాలేదు. ఎవరైనా చెప్తే నమ్మకండి.

అపోహ: "బీడీ తాగితే టెన్షన్ తగ్గుతుంది, అదీ మందులాంటిదే"

డోపమిన్ అంటే మెదడులో హాయికి సంబంధించిన రసాయనం. దాన్ని విరగ్గొట్టే ఎంజైముల్లో మావో-బీ ఒకటి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్ 1996లో స్కాన్ తీసి చూస్తే, పొగ తాగేవారి మెదడులో ఇది సుమారు 40 శాతం తక్కువగా ఉంది. ఇది కూడా నికోటిన్ పని కాదు, పొగలోని వేరే పదార్థాలది. పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలిన్, రసాజిలిన్ ఆపేదీ ఈ ఎంజైమునే. ("అయితే బీడీ మంచిదే కదండీ" అన్నాడొకాయన. ఊపిరితిత్తుల వార్డు పై అంతస్తులోనే ఉంది, ఒకసారి చూసి రమ్మన్నాను.)

అపోహ: "జీన్ టెస్టు చేయిస్తే ఏ మందు పడుతుందో తేలిపోతుంది"

టెస్టు ప్యాకేజీ కొనుక్కుని, రంగుల రిపోర్టు ఫైల్లో పెట్టుకుని వచ్చేవాళ్లు ఈ మధ్య పెరిగారు. కొన్ని మందులకి ఆ సమాచారం నిజంగా పనికొస్తుంది. అయితే జీన్ చెప్పేది పుట్టుకతో వచ్చిన సరుకు ఏమిటని. ఆ ఎంజైము ఇవాళ పనిచేస్తోందా లేదా అన్నది వేరే సంగతి. ఒకావిడ రిపోర్టులో సీవైపీ2డీ6 నార్మల్ అని ఉంది. ఆవిడ వాడుతున్నది డిప్రెషన్‌కి ఇచ్చే పారాక్సెటిన్, అది ఈ ఎంజైముని గట్టిగా అడ్డుకునే మందు. నడుం నొప్పికి ఎవరో ట్రమడాల్ రాశారు. దానికీ పూర్తి బలం రావాలంటే ఇదే ఎంజైము కావాలి. "రిపోర్టు బాగానే ఉందిగా, మరి నొప్పెందుకు తగ్గట్లేదు?" అని ఆవిడ ప్రశ్న. జవాబు రిపోర్టులో లేదు, మందుల చీటీలో ఉంది.

నా కేస్ షీట్‌లో జీన్ రిపోర్టుకి గడి లేదు. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కాలకి విడివిడిగా ఐదు గడులున్నాయి, ఆరో గడి "ఎప్పుడు మానేశారు, తేదీ" అని. ఇంతకుముందు అక్కడ "పొగాకు: ఉంది / లేదు" అని ఒకటే ఉండేది. ఖైనీ ఆయన వచ్చిన వారంలోనే దాన్ని కొట్టేశాను.