తాటి టెంకలో మూడు తిండ్లు

వైశాఖంలో ముంజ, దీపావళి వెళ్ళాక బుర్రగుంజు, సంక్రాంతి ముందు తేగ. గోదావరి జిల్లాల్లో ఈ మూడూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు బుట్టల్లో అమ్మకానికి వస్తాయి కాబట్టి వేర్వేరు తిండ్లలాగే కనిపిస్తాయి. కానీ మూడూ ఒకే గింజ. తాటిచెట్టు తన మొలక కోసం దాచిన చక్కెర నెలనెలా రూపం మార్చుకుంటూ పోతుంది. మధ్యలో మనం ఎక్కడ చెయ్యి పెడితే అక్కడి రుచి దక్కుతుంది.

లేత తాటికాయ పైభాగం చెక్కితే మామూలుగా మూడు కళ్ళు కనిపిస్తాయి, కొన్నిట్లో రెండే ఉంటాయి. ఒక్కో కన్నూ ఒక్కో గింజ. అందులో మనం తినే మెత్తటి భాగం అంకురచ్ఛదం, అంటే మొలకకు దాచిన ఆహారం. మొదట్లో అది ఉత్త నీరు. తర్వాత అంచుల నుంచి లోపలికి కణాల గోడలు కట్టుకుంటూ వస్తాయి. ముంజ పొరలు మెత్తగా ఉండి మధ్యలో నీళ్ళు నిలిచి ఉండడానికి కారణం ఇదే. ఆ గోడల్లో ఉన్నది గాలక్టోమన్నన్ అనే పదార్థం. మానోజ్ అనే చక్కెర గొలుసుగా పేరుకుని, ఆ గొలుసుకు అక్కడక్కడా గాలక్టోజ్ కొమ్మలుగా అతుక్కుని ఉంటుంది. కొమ్మలు అడ్డం ఉండడంతో గొలుసులు ఒకదానికొకటి అంటుకోవు. ఆ సందుల్లో నీరు చేరి జిగురులా నిలుస్తుంది. మెంతులు రాత్రి నానబెడితే పొద్దునకి చేతికి తగిలే జిగురు కూడా ఈ జాతిదే. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కూడా ఇదే కుటుంబం.

ముంజ మంచిగా ఉండేది కొద్దిరోజులే. మరీ లేతదయితే తోలు చిట్లి నీళ్ళన్నీ కారిపోతాయి. నాలుగు రోజులు ఆలస్యమైతే నమలాల్సి వస్తుంది. ముదురు ముంజ తింటే కడుపునొప్పి అని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు, మన పేగుల్లో ఆ గొలుసుల్ని విడగొట్టే ఎంజైము లేదు. పైన ఉండే పసుపు పొర వగరు, దాన్ని ఒలిచి తినడమే మేలు.

కోయకుండా వదిలేసిన కాయలో తర్వాత జరిగేది అసలు వింత. ముదిరేకొద్దీ గాలక్టోజ్ కొమ్మలు తగ్గిపోతాయి. కొమ్మలు లేని ఈ మన్నన్ గొలుసులు ఒకదానిమీద ఒకటి బిగుసుకుపోయి, మధ్యలోని నీటిని బయటికి నెట్టేస్తాయి. వైశాఖంలో చెంచాకి వచ్చిన ముంజ భాద్రపదం నాటికి కత్తికి కూడా లొంగదు. పండిన టెంకను పగలగొడితే కనిపించే దంతంలాంటి తెల్లటి పెంకు పాత ముంజే. ఖర్జూరం గింజ అంత గట్టిగా ఉండడానికీ, వేయించని కాఫీ గింజ పంటికి లొంగకపోవడానికీ కారణం ఇదే పదార్థం. చెట్టుకి ఇది చాలా తెలివైన ఏర్పాటు: మెత్తటి తిండిని పురుగు తింటుంది, రాయిని తినదు.

మరి ఆ రాయిని మొలక ఎలా తింటుంది? దానికోసం టెంక లోపలే ఒక అవయవం పెంచుకుంటుంది. దాని పేరు హాస్టోరియం, మనకి తెలిసిన పేరు బుర్రగుంజు. టెంకలో ఖాళీగా ఉన్న నడిమి చోటును ఇది తెల్లటి స్పాంజిలా నింపేస్తుంది. గట్టి పెంకు అంచున ఎంజైములు మన్నన్ గొలుసుల్ని కత్తిరిస్తుంటే, విడిపోయిన చక్కెరను ఈ స్పాంజి పీల్చి మొలకకు పంపుతుంది. బుర్రగుంజు తియ్యగా ఉండేది అందుకే. మనం తినేది దారిలో ఉన్న చక్కెర. ఈమధ్య కోనసీమ నుంచి నగరాల దాకా బండ్లమీద అమ్ముతున్న కొబ్బరిపువ్వు కూడా అచ్చంగా ఇదే అవయవం. కొబ్బరిలో దాన్ని పువ్వు అన్నాం, తాటిలో గుంజు అన్నాం.

అయితే కొబ్బరిమొక్క కాయ పక్కనే పైకి లేస్తుంది. తాటి అలా కాదు. దాని పిండం టెంకలోంచి ఒక గొట్టంలాంటి కాడ చివర కూర్చుని నేలలోకి దిగిపోతుంది. ఎండా, మంటా, పశువు నోరూ తగలని లోతుకి వెళ్ళాక, అక్కడి నుంచి ఆకును పైకి పంపుతుంది. దిగే దారిలోనే బుర్రగుంజు పంపిన చక్కెరంతా పిండిగా మారి, తొలి ఆకును చుట్టి ఉన్న తొడుగులో నిండుతుంది. అలా లావెక్కిన తొడుగే తేగ. దుంపలా కనిపించినా అది వేరు కాదు. మధ్యకి చీల్చితే లోపల లేతగా, తెల్లగా కనిపించే చందమామ ఇంకా విచ్చుకోని ఆకు.

తేగ కిందికే పెరుగుతుందన్న ఒక్క సంగతి గుర్తుంటే పాతర వేయడంలో, అంటే తేగల కోసం టెంకల్ని మట్టిలో కప్పిపెట్టడంలో, సగం పని వచ్చినట్టే. చాలామంది టెంకల మీద మట్టి ఎక్కువ పోస్తారు, కింద తక్కువ ఉంచుతారు. కావలసింది కింద. టెంకల అడుగున కనీసం అడుగున్నర, వీలైతే రెండడుగుల వదులు మట్టి ఉండాలి. గొయ్యి తవ్వడం కన్నా నేలమీద మట్టి గుట్టగా పోసి దానిమీద టెంకలు పరచడం తేలిక, తవ్వేటప్పుడు నడుం నొప్పీ తగ్గుతుంది. గోదావరి లంకల ఇసుక ఒండ్రు దీనికి పెట్టింది పేరు. వరిచేల నల్లమట్టి పనికిరాదు: తడిస్తే నీరు నిలిచి టెంక కుళ్ళుతుంది, ఆరితే బిగుసుకుని తేగ వంకర్లు తిరుగుతుంది, పీకితే మధ్యకి విరుగుతుంది. గట్టినేలకి కొన తగిలినా అంతే, అక్కడే మడతపడి పొట్టిగా మిగిలిపోతుంది.

శ్రావణ భాద్రపదాల్లో తనంతట రాలిన పండు టెంకలే తీసుకోవాలి. రొట్టెకో బూరెలకో పేసం (పండు గుజ్జు) తీశాక మిగిలినవి సరిగ్గా సరిపోతాయి. చేతికి మరీ తేలిగ్గా తగిలే టెంకను పక్కన పెట్టాలి, లోపల గింజ కట్టి ఉండదు. టెంకల్ని దగ్గర దగ్గరగా ఒకటి రెండు వరసలు పరిచి, పైన నాలుగు వేళ్ళ మందం మట్టి కప్పి, తాటాకులో గడ్డో వేస్తే తడి ఆరదు. వాన ఉన్నన్నాళ్ళూ నీళ్ళు అక్కర్లేదు. వాన వెనక్కి తగ్గాక మట్టి పిడికిట్లో పట్టి చూసి, ముద్ద కట్టకపోతేనే తడపాలి.

తవ్వే వేళ తెలియాలంటే పైవరసలో ఒక టెంక తీసి పగలగొట్టాలి. తెల్ల పెంకు ఇంకా మందంగా ఉంటే చక్కెర ఇంకా పైనే ఉంది, తేగ సన్నగా ఉంటుంది. బుర్రగుంజు కోసమైతే ఇదే అదను. పెంకు పలచబడి, గుంజు పసుపు తిరిగి మెత్తబడితే పిండి కిందికి దిగినట్టు. సుమారు మూడు నాలుగు నెలలకి ఈ దశ వస్తుంది. పాతరమీద పచ్చటి ఆకు మొన కనిపించిందంటే ఆలస్యం అయిపోయింది. పిండి ఆకుకి ఖర్చవుతూ ఉంటుంది, తేగలో నార మిగులుతుంది. రుచీ, పీచూ రెండూ ఒకే చెట్టువి, తేడా అంతా తవ్విన రోజుదే.

పచ్చి తేగ చేదు, పైగా పచ్చి పిండి అరగదు. పిండి రేణువులు తడిలో 70 డిగ్రీలు దాటాకే ఉబ్బి మెత్తబడతాయి. ఉడకబెట్టేవాళ్ళు కొనలు తీసేసి, పైతొడుగు ఉంచి, ఉప్పునీళ్ళలో కుండలో నిలువుగా పేర్చి మూత పెట్టి గంటసేపు ఉంచుతారు. తొడుగు తీసేసి ఉడికిస్తే నీళ్ళు పట్టి చప్పబడిపోతుంది. తంపటి వేసినదాని రుచి వేరు. కుండలో తేగలు కుక్కి, మూతిని గడ్డితో బిగించి, బోర్లించి, చుట్టూ తాటాకులూ పిడకలూ పేర్చి కాలుస్తారు. బయటి నీరు ఒక్క చుక్క ఉండదు. తేగలోని తడే ఆవిరై దాన్ని ఉడికిస్తుంది, తియ్యదనం ఎక్కడికీ పోదు. ఉడకబెట్టిన తేగ మర్నాటికి జిగురు కడుతుంది, కాల్చినది అంతకన్నా నిలుస్తుంది. శ్రీలంకలోని జాఫ్నాలో తేగల్ని చీల్చి ఎండబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. పచ్చివి ఎండబెడితే ఒడియల్ అంటారు. దాని పిండిని నీళ్ళలో నానబెట్టి, చేదు దిగిన నీళ్ళు పారబోశాకే చేపలతో కూళ్ అనే జావ కాస్తారు.

డెల్టాలో తాటిచెట్టు ఎక్కువగా బతుకుతున్నది చేలగట్లమీదా, కాలవగట్లమీదా. పాతరలో మిగిలిపోయి ఆకు వేసిన మొక్కను పీకి గట్టుమీద పెడితే మాత్రం బతకదు. పెరిగే కొన లోతులో ఉంటుంది, పలుగు తగిలి అది తెగితే అంతే. గట్టుమీద చెట్టు కావాలంటే టెంకనే అక్కడ పెట్టాలి: భాద్రపదంలో అరడుగు గొయ్యి తీసి, ఒక్కోచోట రెండేసి టెంకలు, మనిషి ఎత్తుకి రెండింతల ఎడం. ఆకు నేలమీదికి వచ్చాక కూడా కొన్నేళ్ళపాటు మాను కనిపించదు, కింద మొదలు లావు కట్టుకుంటూ ఉంటుంది. అది పోతుతాడో పెంటితాడో పూత వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. పూతకి 12 నుంచి 15 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పోతుతాడు ముంజ కాయదు, కల్లు మాత్రం ఇస్తుంది. అందుకే గట్టుకి ఒకటీ రెండూ కాదు, పదీ పన్నెండు టెంకలు వెయ్యాలి.