టూ స్ట్రోక్ ఏటీవీ ఇంజన్ పైభాగం: అపోహలు - వాస్తవాలు

ఇంజన్ పట్టేసిందనగానే మొదట వినిపించే సలహా "కొత్త కిట్టు వేసేయండి", అంటే పిస్టన్, రింగులు అన్నీ కొత్తవి వేయమని. హెడ్, సిలిండర్, పిస్టన్, రింగులు, ప్యాకింగులు: టూ స్ట్రోక్ ఇంజన్‌కు పైభాగమంటే ఇంతే. కొన్ని నట్లు విప్పితే అంతా చేతికొస్తుంది. విప్పడం ఇంత తేలిక కావడం వల్లే దీని చుట్టూ ఇన్ని నమ్మకాలు అల్లుకున్నాయి. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌసుల్లో యమహా బ్లాస్టర్, బాన్షీ వంటి పాత ఏటీవీలు (మట్టి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బళ్లు) ఉన్నవారిలో చాలామంది ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 కాలం నుంచి టూ స్ట్రోక్ మీద మమకారం ఉన్నవాళ్లు. ఆ మమకారం నాకూ ఉంది. అందుకే తరచూ వినే కొన్ని మాటలకు వివరంగా జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: పిస్టన్ పోయింది, కొత్తది వేస్తే ఇంజన్ బాగుపడుతుంది.

పిస్టన్ దానంతట అది పోదు. ఏదో ఒక కారణం దాన్ని పాడు చేస్తుంది. ఆ కారణాన్ని ఇంజన్‌లోనే వదిలేసి కొత్త పిస్టన్ వేస్తే, అది కూడా అదే దారి పడుతుంది. కాబట్టి పాత పిస్టన్‌ను చెత్తలో పడేయకండి, తుడవకండి. వెలుతురులోకి తెచ్చి అన్ని వైపులా చూడండి.

స్కర్టు (పిస్టన్ కింది గోడ) మీద నాలుగు మూలలా నిలువుగా గీసుకుపోయి ఉంటే ఇంజన్ చల్లగా ఉండగానే పూర్తి త్రాటిల్ ఇచ్చారని అర్థం. పిస్టన్ త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది. నీటితో చల్లబడే బాన్షీ లాంటి ఇంజన్లలో, అందులోనూ ఫోర్జింగ్ పిస్టన్ (పోత పోయకుండా లోహాన్ని ఒత్తి చేసినది) వేసినవాటిలో, జనవరి ఉదయాల్లో ఇది సులభంగా జరుగుతుంది. పోత పిస్టన్ కంటే ఫోర్జింగ్ పిస్టన్ ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఒక్క ఎగ్జాస్ట్ వైపే పట్టిన గుర్తులు ఉంటే అనుమానించాల్సింది వేడిని, పలచని మిశ్రమాన్ని, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు తగ్గినదాన్ని. పిస్టన్ తల అంచున చిన్న చిన్న గుంటలు పడి లోహం తినేసినట్టుంటే ఇంజన్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) జరిగింది. పిస్టన్‌ను బోర్లించి తల అడుగుభాగం కూడా చూడాలి. అక్కడ ఆయిల్ నల్లగా మాడి అట్టకట్టి ఉంటే పిస్టన్ చాలాకాలంగా భరించలేని వేడిలో పనిచేసింది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది: ఇన్‌టేక్ వైపు స్కర్టు మాత్రమే మెరుపు పోయి, బూడిద రంగులో, సన్నటి గీతలతో అరిగి ఉండటం. అది దుమ్ము పని. హైదరాబాద్ చుట్టూ ఉన్న మట్టి చాలావరకు గ్రానైట్ రాయి చితికి ఏర్పడినది. అందులోని క్వార్ట్జ్ రేణువు పిస్టన్ అల్యూమినియం కంటేనే కాదు, సిలిండర్ లోపలి పోత ఇనుప గొట్టం, అంటే స్లీవు కంటే కూడా గట్టిది. ఆయిల్ పట్టించని ఫోమ్ ఫిల్టర్, ఎయిర్ బాక్సు మూతకు ఒక పక్క సరిగా కూర్చోని రబ్బరు, కార్బురేటర్ బూటులో చిన్న పగులు: వీటిలో ఏ ఒక్కటున్నా ఎండాకాలం ట్రాక్ మీద తిరిగిన బండి కొత్త కిట్టును త్వరగానే తినేస్తుంది.

ఇక కంటికి కనిపించని కారణం గాలి లీకు. క్రాంకుకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసుకు) మాగ్నెటో, అంటే కరెంటు పుట్టించే భాగం వైపు ఉన్న ఆయిల్ సీలు గట్టిపడితే అక్కడినుంచి గాలి లోపలికి వెళ్తుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. త్రాటిల్ వదిలాక కూడా ఇంజన్ వేగం తగ్గకుండా పైకి పోతోందంటే ముందుగా దీన్నే అనుమానించాలి. పరీక్షకు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలను రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్గు బిగించి, పిస్టన్‌ను అడుగుకు దించి, లోపలికి 6 పీఎస్ఐ గాలి ఎక్కించాలి. రక్తపోటు కొలిచే పరికరంలోని రబ్బరు బల్బు, మీటరు దీనికి చక్కగా సరిపోతాయి. ముల్లు 300 దగ్గరికి వస్తే 6 పీఎస్ఐకి కాస్త తక్కువ ఉన్నట్టు. ఆ గాలిని ఆరు నిమిషాలు గమనించండి. నిమిషానికి ఒక పీఎస్ఐ కంటే వేగంగా పడిపోతుంటే సబ్బు నీళ్లతో లీకు వెతకాలి. ఇంజన్ విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి ఈ పరీక్ష చేయాలి. నన్నడిగితే ఈ ఒక్క పరీక్ష చేయని చోట ఇంజన్ పని ఇవ్వకూడదు.

అపోహ: పొగ ఎక్కువైంది, రింగులు అరిగాయి.

ఇది ఫోర్ స్ట్రోక్ బళ్ల నుంచి వచ్చిన అలవాటు. అక్కడ సంప్‌లోని ఆయిల్ రింగులు దాటి పైకి వస్తుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఆయిల్ నిల్వ ఉండదు. రింగులు అరిగితే బలం తగ్గుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది. హఠాత్తుగా దట్టమైన తెల్లటి పొగ వచ్చి, గేర్ ఆయిల్ మట్టం కూడా తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంకు సీలు చూడండి. ఇంజన్ గేర్ బాక్సులోని ఆయిల్‌ను పీల్చి కాలుస్తోంది. నీటితో చల్లబడే ఇంజన్ అయితే హెడ్ ప్యాకింగు నుంచి కూలెంట్ లోపలికి వస్తోందేమో కూడా చూడాలి.

అపోహ: బోరు లోపల వేలు పెడితే నున్నగా ఉంది, రింగులు మారిస్తే చాలు.

వేలికి ఒక మిల్లీమీటరులో వందో వంతు తెలియదు. ఈ పనిలో నిర్ణయాలన్నీ అక్కడే ఉంటాయి. బోరును, అంటే సిలిండర్ లోపలి రంధ్రాన్ని, పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా ముందు వెనకలకు ఒకసారి, అడ్డంగా ఒకసారి బోర్ గేజ్‌తో కొలవాలి. పిస్టన్‌ను గజన్ పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్నుకు) అడ్డదిశలో, మాన్యువల్ చెప్పిన ఎత్తులో, మైక్రోమీటరుతో కొలవాలి. రెండింటి తేడాయే క్లియరెన్సు. రాణిగంజ్‌లో ఈ పరికరాలు దొరుకుతాయి. ఒక పాడైన కిట్టు ఖర్చుతో పోలిస్తే వాటి ధర పెద్దది కాదు.

రీబోరు (అరిగిన బోరును కాస్త పెద్ద కొలతకు కోయడం) తప్పదని తేలితే ముందు పిస్టన్ కొనండి, దాన్ని సిలిండర్‌తోపాటు బోరింగ్ షాపుకు తీసుకెళ్లండి. "0.50 ఓవర్‌సైజుకు కొట్టండి" అని సిలిండర్ ఒక్కటే ఇచ్చి రావడం సరికాదు. చేతిలో ఉన్న పిస్టన్ అసలు కొలతకు, దాని తయారీదారు చెప్పిన క్లియరెన్సు కలిపి బోరు చేయాలి. ఇదంతా ఇనుప స్లీవు ఉన్న సిలిండర్లకు. నికాసిల్ అనే గట్టి నికెల్ పూత ఉన్న సిలిండర్‌ను మామూలుగా బోరు చేయకూడదు, పూత పోతుంది.

బాలానగర్‌లో ఎంత మంచి యంత్రం మీద బోరు చేయించినా రెండు పనులు మిగిలే ఉంటాయి. మొదటిది పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులను సన్నగా వాల్చడం. కొత్తగా కోసిన పోర్టు అంచు కత్తిలా ఉంటుంది, రింగు దానికి తగులుకుంటే విరుగుతుంది. రెండోది కడగడం. పెట్రోలుతో కడిగితే బోరు శుభ్రంగా కనిపిస్తుంది కానీ హోనింగ్ (బోరును రాయితో రుద్ది సన్నటి గీతలు పెట్టడం) రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, ఆయిల్ రాసిన తెల్లటి గుడ్డతో తుడవాలి. గుడ్డకు నలుపు అంటుతున్నంతసేపూ మళ్లీ తోమాల్సిందే.

అపోహ: రింగు మూతులను ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో తిప్పి పెట్టాలి.

టూ స్ట్రోక్‌లో ఆ స్వేచ్ఛ మనకు లేదు. రింగు గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు మూతి సరిగ్గా దాని దగ్గరే కూర్చోవాలి. రింగు తిరిగి దాని కొస పోర్టులోకి జారకుండా ఆపేది ఆ పిన్నే. కానీ మూతి మధ్య సందును మాత్రం తప్పక కొలవాలి. రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా నిలబెట్టి, ఫీలర్ గేజ్ దూర్చండి. మాన్యువల్ దొరకకపోతే 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. చొప్పున లెక్క వేసుకోవచ్చు. బ్లాస్టర్ బోరు 66 మి.మీ., అంటే కనీసం 0.26 మి.మీ. ఉండాలి. సందు మరీ తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదానినొకటి నెట్టుకుని బోరును చీరేస్తాయి.

అపోహ: పాత గజన్ పిన్ లాకులు బాగానే ఉన్నాయి, అవే వాడవచ్చు.

వాడకూడదు. ఒకసారి తీసిన లాకు పట్టు కోల్పోతుంది. కొత్తదాని మూతి నేరుగా పైకో కిందికో ఉండాలి, తీయడానికి ఇచ్చిన గాడి వైపు ఉండకూడదు. బిగించేటప్పుడు క్రాంకు కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ తల మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉందో లేదో అక్కడే ఒకసారి చూసుకోండి. కనెక్టింగ్ రాడ్డు చిన్న వైపు సూది బేరింగును కూడా కొత్త పిస్టన్‌తోపాటే మార్చాలి. కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకి కిందికి లాగితే ఏమాత్రం కదలిక ఉండకూడదు. పక్కలకు కొంచెం ఊగడం సహజం.

అపోహ: లీకు రాకుండా రెండు ప్యాకింగులు వేసి, పైన సిలికాన్ పూస్తే మంచిది.

సిలిండర్ కింద ప్యాకింగు మందం పెరిగితే పోర్టులన్నీ ఆ మేరకు పైకి లేస్తాయి, కంప్రెషన్ పడిపోతుంది, ఇంజన్ గుణమే మారిపోతుంది. లీకుకు మందు సమతలమైన ముఖాలు. మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి హెడ్‌ను గుండ్రంగా రుద్దితే ఎక్కడ వంగిందో అదే చూపిస్తుంది.

అపోహ: పెట్రోలులో టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజన్‌కు అంత రక్షణ.

కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చకుండా ఆయిల్ పెంచితే అదే జెట్టు గుండా వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచబడుతుంది. దానికి తోడు ఎగ్జాస్ట్ పోర్టులో మసి పేరుకుంటుంది. 32కు 1 అంటే లీటరుకు దాదాపు 31 మిల్లీలీటర్లు. ఆ కొలతను మూతతో అంచనా వేయకుండా కొలపాత్రతోనే పోయాలి.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. కేవలం పెట్రోలుతో పోలిస్తే దీనికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఏళ్ల కిందట సరిచేసిన జెట్లు ఇప్పుడు పలచని మిశ్రమం ఇస్తాయి. ప్లగ్గు రంగు, పిస్టన్ తల చూసి మెయిన్ జెట్టు మళ్లీ నిర్ణయించుకోవాలి. ఆయిల్ కలిపిన పెట్రోలును వర్షాకాలమంతా ట్యాంకులో వదిలేయడం ఇంకా ప్రమాదం. ఇథనాల్ తేమను పీల్చి, నీళ్లతో కలిసి అడుగున విడిపోతుంది. ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజన్‌కు మొదట అందేది ఆయిల్ లేని ఆ అడుగు పొర.

అపోహ: కొత్త రింగులు కూర్చోవాలంటే ఇంజన్‌ను గంటలపాటు ఐడిల్‌లో వదిలేయాలి.

రింగును బోరుకు అదిమేది దహనంలోని ఒత్తిడి, అది ఐడిల్‌లో చాలదు. స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఆపి, చేతికి చల్లగా తగిలేదాకా వదిలేయండి. ఇలా రెండు మూడుసార్లు చేశాక బండిని నడపండి. త్రాటిల్‌ను ఒకేచోట పట్టి ఉంచకుండా తెరుస్తూ మూస్తూ, సగం వరకు లోడు ఇవ్వండి. మొదటి ట్యాంకు అయ్యేవరకు ఏకబిగిన పూర్తి త్రాటిల్ వద్దు. మొదటిసారి పూర్తిగా చల్లబడ్డాక మాన్యువల్ చెప్పిన విలువకు, ఎదురెదురు క్రమంలో, టార్క్ రెంచ్‌తో హెడ్ నట్లు మళ్లీ చూడండి. అప్పుడే త్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలిచి, ఆ అంకెను ఫ్రేము మీదో పుస్తకంలోనో రాసిపెట్టుకోండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి అంకె తీరప్రాంతంలో వచ్చేదానికన్నా ఐదారు శాతం తక్కువే ఉంటుంది. తర్వాత ఎప్పుడు కొలిచినా పోల్చుకోవాల్సింది మీరు రాసుకున్న ఆ అంకెతోనే.