నెలసరి వచ్చింది కదా, కాన్పు అయిపోయింది కదా! గర్భం చుట్టూ కొన్ని అపోహలు, వాస్తవాలు

అరుదైన జబ్బు వింత లక్షణంతో వస్తే మా పని సులువయ్యేది. కానీ అలా రాదు. తలనొప్పి, దురద, ఆయాసం, ఒకవైపు కడుపునొప్పి... ఓపీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వినే మాటలతోనే వస్తుంది. దాని పక్కనే "అది అయ్యుండదులే" అని ధైర్యం చెప్పే సంగతి కూడా ఒకటి ఉంటుంది. ఆ ధైర్యాన్ని నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: నెలసరి వచ్చింది, కాబట్టి గర్భం కాదు.

వాస్తవం: ఆ రక్తం నెలసరిదేనా అన్నది ముందు తేలాలి. పిండం గర్భసంచిలో కాకుండా బయట నాటుకుంటే ఎక్టోపిక్ గర్భం అంటాం. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. వాటిలో 90 శాతానికి పైగా అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ ట్యూబులోనే ఉంటాయి. ఇలాంటప్పుడు కొద్దికొద్దిగా బ్లీడింగ్ అవుతుంది, ఒక్కోసారి అది నెలసరి రావలసిన రోజుల్లోనే మొదలవుతుంది. "ఈసారి చాలా తక్కువైంది మేడమ్, రంగు కూడా వేరుగా ఉంది" అంటారు. ఆ ఒక్క మాట చాలు, నేను వెంటనే ప్రెగ్నెన్సీ టెస్టు చేయిస్తాను. ట్యూబు పగిలితే రక్తం కడుపులో చేరుతుంది. అది ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరానికి తగిలితే నొప్పి భుజం చివర తెలుస్తుంది. భుజం నొప్పే కదా అని మాత్ర వేసుకుని పడుకుని, లేవబోతూ కళ్లు తిరిగి పడిపోయినవాళ్లున్నారు.

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, ఇంకెక్కడి గర్భం?" అన్నదీ ఇలాంటి ధైర్యమే. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు, నిజమే. కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ.

అపోహ: స్కానింగ్‌లో పిండం గర్భసంచిలోనే కనిపించింది, ఇక ట్యూబు సంగతి మర్చిపోవచ్చు.

వాస్తవం: సహజంగా వచ్చిన గర్భాల్లో ఇది దాదాపు నిజం. లోపల ఒకటి, బయట ఒకటి ఒకేసారి ఉండటం సుమారు 30,000 గర్భాల్లో ఒకసారి జరుగుతుంది. ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ పద్ధతి) చేయించుకున్నవాళ్లలో మాత్రం ఆ అవకాశం చాలా పెరుగుతుంది. వాళ్లకు ఒకవైపు నొప్పి గట్టిగా వస్తే రెండు ట్యూబులనూ మళ్లీ చూడాల్సిందే.

అపోహ: కాన్పుతో బీపీ సమస్య తీరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ నమ్మకమే. గర్భం వల్ల బీపీ పెరిగే జబ్బు ప్రీఎక్లాంప్సియాకు మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంటుంది కాబట్టి కాన్పే దానికి చికిత్స, అంతవరకు సరే. కానీ మాయ బయటికి వచ్చినంత మాత్రాన రక్తనాళాలు అదే రోజు కుదుటపడవు. సాధారణంగా బీపీ బాగా పెరిగేది కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. అప్పటికి చాలామంది డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటారు. తొమ్మిది నెలలూ బీపీ మామూలుగా ఉన్నవాళ్లకు కూడా కాన్పు తర్వాత, ఆరు వారాల లోపు ఇది మొదటిసారి రావచ్చు. బాలింతకు తలనొప్పి అంటే ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే, నిద్ర లేకపోవడం. బిడ్డను చూసుకునే తల్లికి నిద్ర ఎలాగూ ఉండదు కాబట్టి ఆ జవాబు ఎప్పుడూ సరిపోయినట్టే అనిపిస్తుంది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి ఉంటే వెంటనే బీపీ చూడాలి. 160/110కి చేరితే అది ఎమర్జెన్సీ. ఫిట్స్ వచ్చే దాకా ఆగకూడదు.

ఆయాసం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కాన్పుకు ముందు చివరి నెల నుంచి తర్వాత ఐదు నెలల వరకు, అంతకుముందు ఏ గుండె జబ్బూ లేని స్త్రీలో గుండె కండరం బలహీనపడవచ్చు. వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తు పెట్టుకుంటున్నానని ఎవరైనా చెబితే, అది నీరసం అని నేను అనను. ఎకో (గుండె స్కానింగ్) చేయిస్తాను.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు దురద మామూలే.

వాస్తవం: పొట్ట చర్మం సాగి వచ్చే దురద మామూలే. దద్దుర్లు ఏమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు దురద పెడుతుంటే మాత్రం కాలేయంలో పైత్యరసం సరిగా పారడం లేదేమో చూడాలి. రక్తంలో బైల్ యాసిడ్స్ పరీక్ష చేస్తాం. అవి లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. కాన్పు ఎప్పుడు చేయాలో ఆ అంకెను బట్టే నిర్ణయిస్తాం.

అపోహ: ముత్యాల గర్భాన్ని తీసేశారు, ఇక ఆసుపత్రితో పని లేదు.

వాస్తవం: పని అప్పుడే మొదలవుతుంది. మాయ కణజాలం అసహజంగా పెరిగిపోయే గర్భాన్ని ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) అంటాం. పూర్తి ముత్యాల గర్భంలో తల్లి జన్యు పదార్థం లేని అండం ఫలదీకరణ చెందుతుంది. క్రోమోజోములన్నీ తండ్రివే, పిండం ఉండదు. తీసేసిన తర్వాత కూడా ఆ కణజాలం కొందరిలో మళ్లీ పెరిగి, కీమో అవసరం కావచ్చు. అందుకే రక్తంలో గర్భం హార్మోన్ బీటా హెచ్‌సీజీ నార్మల్‌కు వచ్చేవరకు వారం వారం, ఆ తర్వాత డాక్టర్ చెప్పినంత కాలం పరీక్ష చేయించుకోవాలి. అప్పటివరకు గర్భం రాకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ అంకె పెరిగింది దేనివల్లో తేల్చలేం. "నేనేం తప్పు చేశాను మేడమ్" అని ఏడుస్తారు. ఏ తప్పూ చేయలేదమ్మా. మళ్లీ ఇలా జరిగేది వందలో ఒకరిద్దరికే.

అపోహ: పాలు పడకపోవడం ఒంటి తత్వం.

వాస్తవం: కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి నీరసం ఉంటే అది మెదడు కింద ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం కావచ్చు. 1937లో దీన్ని వివరించిన డాక్టర్ హెరాల్డ్ షీహన్ పేరుతోనే షీహన్ సిండ్రోమ్ అని పిలుస్తాం. గర్భంతో పెరిగిన ఆ గ్రంథికి రక్తం చాలక కొంత భాగం చచ్చిపోతుంది. ఇది చాలాసార్లు ఎన్నో ఏళ్ల తర్వాతగానీ బయటపడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ పాత కాన్పు సంగతి చెప్పండి.

అపోహ: ముందే కనిపెట్టి ఉంటే ప్రతి ప్రాణమూ నిలిచేది.

వాస్తవం: ఉమ్మనీరు తల్లి రక్తంలో కలిసి నిమిషాల్లో ఊపిరి, గుండె, రక్తం గడ్డకట్టే తీరు అన్నీ దెబ్బతినే పరిస్థితి ఒకటుంది. దాన్ని ఏ స్కానూ, ఏ రక్తపరీక్షా ముందుగా పట్టుకోలేవు. వచ్చాక చేయగలిగింది చేస్తాం. ఆ ఇంట్లోవాళ్లు ఏళ్ల తర్వాత కూడా "ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే" అని అడుగుతుంటారు. మీరు ఆలస్యం చేయలేదని, అడిగిన ప్రతిసారీ చెబుతాను.