టీవీనే మానిటర్‌గా వాడుకుంటే పోలా? అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తుంటాను. "అన్నా, ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది, మళ్లీ మానిటర్ దేనికి?" అని అడిగేవాళ్లు రోజూ వస్తారు. నా మొదటి ప్రశ్న ఒకటే: దాని మీద చూసేది బొమ్మలా, అక్షరాలా?

అపోహ: తెర పెద్దదైతే అక్షరం స్పష్టంగా ఉంటుంది.

వాస్తవం: అక్షరం పెద్దగా కనిపిస్తుంది, అంతే. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో సాధారణంగా 1366×768 పిక్సెళ్లే (బొమ్మను కూర్చే చుక్కలు), అంటే అంగుళానికి 49. అదే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92. మంచం మీద నుంచి సినిమా చూస్తే తేడా తెలియదు. రెండడుగుల దూరంలో కూర్చుని ఎక్సెల్ తెరిస్తే అక్షరాల అంచులు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.

అపోహ: 4కే టీవీ అయితే ఏ ఇబ్బందీ ఉండదు.

వాస్తవం: సగమే నిజం. 43 అంగుళాల 4కే టీవీలో అంగుళానికి 102 పిక్సెళ్లు ఉంటాయి, సరిపోతాయి. అసలు చిక్కు రంగుతో. ఒక అకౌంటెంట్ గారు కొత్త టీవీ పాడైందని పిలిచారు. వెళ్లి చూస్తే తెల్లటి షీట్ మీద నల్ల అంకెలు బాగానే ఉన్నాయి. నీలం గడుల్లోని ఎర్ర అంకెలు మాత్రం తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. టీవీ పాడవలేదు. వెలుగును ప్రతి పిక్సెల్‌కూ విడిగా చూపిస్తూ, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే సర్దేస్తోంది. దీన్ని 4:2:0 అంటారు. సినిమాకు చాలు, సన్నటి అక్షరానికి చాలదు. టీవీ సెట్టింగ్స్‌లో, కంప్యూటర్ కేబుల్ తగిలించిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరు 'పీసీ' అని మార్చి, కంప్యూటర్‌లో 4:4:4 (ప్రతి పిక్సెల్‌కూ రంగు విడిగా) పెట్టాక అంకెలు తేటపడ్డాయి. అన్ని టీవీల్లోనూ ఇది కుదరదు. అందుకే కొనేముందు ల్యాప్‌టాప్ షాపుకి పట్టుకెళ్లి, నీలం మీద ఎర్ర అక్షరాలు టైప్ చేసి చూడండి. షాపువాళ్లు విసుక్కున్నా సరే, మొహమాటపడకండి.

అపోహ: మౌస్ లాగినట్టు కదులుతుంటే కంప్యూటర్ స్లో అయినట్టే.

వాస్తవం: ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయం తగ్గుతుంది. అప్పటికీ మారకపోతే కంప్యూటర్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లే బొమ్మ మారడం) ఉందేమో చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని అంతకుమించి పంపలేదు. 60 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి.

టాస్క్‌బార్ తెర అంచున తెగిపోతే అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేయడం. 'స్క్రీన్ ఫిట్' లాంటి ఆప్షన్ పెడితే సరిపోతుంది.

రోజంతా కోడింగో, లెక్కలో చేసేవాళ్లకు నేను 24 లేదా 27 అంగుళాల మానిటరే ఇస్తాను. పగలు క్లాసులు, రాత్రి ఇంటిల్లిపాదికీ సినిమాలు అంటే 43 అంగుళాల 4కే టీవీ మంచిదే. కాకపోతే ముందు టేబుల్ లోతు కొలవండి. రెండడుగులే ఉంటే అంత పెద్ద తెర మరీ దగ్గరవుతుంది కాబట్టి టీవీని గోడకు బిగించి, టేబుల్‌ని ఓ అడుగు ముందుకు జరపాలి.